ప్రాణవాయువుకూ ఒక హద్దుంది

(పాకాల విలేకరి)

“ఆక్సిజను ఎక్కువ నింపిన సిలిండరంట సామీ. ఇంగ మా వాడికి భయమేముండాది?”

ఇటీవల పాకాల రైల్వే స్టేషను దగ్గరి టీ బంకులో ఒక రైతు నన్ను అడిగిన మాట ఇది. ఆయన కుమారుడు ఐ.టి.ఐ. ముగించి, సముద్రంలో మునిగి పనిచేసే డైవర్ల శిక్షణకు పోవడానికి సిద్ధమవుతున్నాడు. మామూలు గాలికి బదులు ప్రాణవాయువు పాలు పెంచిన గాలితో కూడా అక్కడ మునక నేర్పుతారని ఆ కుర్రవాడు ఇంట్లో చెప్పాడట. ఆ మాట విన్నాకనే తల్లికి నిద్ర పట్టిందని ఆ రైతు అన్నాడు.

ఆ అమాయకత్వాన్ని చూసి నవ్వవలసిన పని లేదు. ప్రాణవాయువు ఎంత ఎక్కువుంటే ప్రాణానికి అంత భద్రమనే నమ్మకం మన పల్లెల్లో గట్టిగా నాటుకుపోయింది. అందుకు కారణమూ లేకపోలేదు. 2021 మే 10వ తేదీ రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజను సరఫరా తగ్గిపోయి, అధికారిక లెక్క ప్రకారమే 11 మంది రోగులు చనిపోయారు. ఆ రోజుల్లో ఒక్క సిలిండరు కోసం ఊళ్లు తిరిగిన వారు మన మండలంలోనూ ఉన్నారు. ఆ బాధ చూసిన కళ్లకు ఆక్సిజను సిలిండరు దేవుడిలాగే కనిపిస్తుంది.

అయితే ఆ నమ్మకాన్ని సముద్రంలోకి మోసుకుపోతే ప్రమాదం. ప్రాణవాయువు లేకపోతే మనిషి బతకడు. మోతాదు మించితే అదే వాయువు మనిషిని చంపుతుంది. నీటి లోతున ఆ మోతాదు చాలా త్వరగా మించిపోతుంది. ఈ సంగతి డైవింగు నేర్చుకునే వారికే కాదు, వారిని పంపే తల్లిదండ్రులకు కూడా తెలిసి ఉండాలి.

సిలిండరులో ఉన్నదేమిటి?

వీపున సిలిండరు కట్టుకుని నీట మునగడాన్ని స్కూబా డైవింగు అంటారు. సినిమాల్లోనూ, వార్తల్లోనూ దాన్ని ‘ఆక్సిజను సిలిండరు’ అని చెప్పడం అలవాటైపోయింది. అది పొరపాటు. చాలామంది డైవర్లు మోసుకుపోయేది మనం పీల్చే మామూలు గాలినే. యంత్రంతో బాగా ఒత్తి సిలిండరులో నింపుతారు. అందులో ప్రాణవాయువు 21 శాతం, మిగిలినది దాదాపు అంతా నత్రజని.

ఈ నత్రజనితోనే డైవరుకు మొదటి చిక్కు. లోతున పీడనం వల్ల నత్రజని రక్తంలోనూ, కండరాల్లోనూ కరుగుతుంది. మనిషి తొందరపడి పైకి వస్తే, గోళీ సోడా కొట్టినప్పుడు బుడగలు పొంగినట్టు ఒంట్లో బుడగలు లేస్తాయి. కీళ్లు పట్టుకుపోతాయి. కాళ్లు చేతులు పడిపోవచ్చు, ప్రాణమే పోవచ్చు.

దీనికి విరుగుడుగా నత్రజనిని తగ్గించి, ప్రాణవాయువును 32 లేదా 36 శాతానికి పెంచిన మిశ్రమం వాడకంలోకి వచ్చింది. దాన్ని నైట్రాక్స్ అంటారు. మామూలు గాలితో 18 మీటర్ల లోతున సుమారు గంటసేపు ఉండగలిగిన డైవరు, 32 శాతం మిశ్రమంతో సుమారు గంటన్నర ఉండవచ్చు. ఒంట్లో చేరే నత్రజని లెక్క ప్రకారం అతను 14 మీటర్ల లోతులో ఉన్నట్టే. లాభం ఉన్న మాట నిజం.

ఇక్కడే ఒక ముఖ్య విషయం గమనించాలి. ఈ మిశ్రమం ఎక్కువ సేపు ఉండడానికే గాని, ఎక్కువ లోతుకు పోవడానికి కాదు. లోతు విషయంలో మామూలు గాలి కంటే దీనికే కట్టుబాటు ఎక్కువ. ఆ రైతుకూ, ఆయన కుమారుడికీ తెలియనిది ఇదే.

లోతుకు పోయే కొద్దీ

ఇంటర్ రసాయన శాస్త్రంలో డాల్టన్ సూత్రమని ఒకటి చదువుకున్నాం. పరీక్షకు బట్టీ పట్టి, ఆ తర్వాత మరిచిపోయాం. డైవరు ప్రాణం నిలబడేది ఆ సూత్రం మీదనే.

నేల మీద మనపై ఉన్న గాలి ఒత్తిడిని ఒక వాతావరణం అనుకుందాం. నీటిలో ప్రతి 10 మీటర్లకు, అంటే 33 అడుగులకు, సుమారు ఆరు నిలువుల లోతుకు, మరొక వాతావరణం చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. 10 మీటర్ల దగ్గర రెండు, 20 దగ్గర మూడు, 30 దగ్గర నాలుగు. వామి వేసేటప్పుడు గడ్డిని తొక్కి తొక్కి పేరిస్తే అదే చోటులో ఎక్కువ గడ్డి పడుతుంది కదా. అదే విధంగా 30 మీటర్ల లోతున ఒక్క గుక్క గాలిలో, నేల మీద నాలుగు గుక్కల్లో ఉండేంత గాలి ఉంటుంది. ప్రాణవాయువు కూడా నాలుగింతలు ఉంటుంది.

కాబట్టి శాతం ఒక్కటే చూస్తే చాలదు. ప్రాణవాయువు పాలును అక్కడి ఒత్తిడితో హెచ్చించాలి. 32 శాతం మిశ్రమంతో 30 మీటర్ల లోతున ఉన్నవాడికి 0.32 ఇంటూ 4, అంటే 1.28 వాతావరణాల ప్రాణవాయువు అందుతున్నదన్న మాట. దీన్నే పాక్షిక పీడనం అంటారు. నేల మీద మనకు అందేది 0.21 మాత్రమే.

డైవింగులో సాధారణంగా పాటించే హద్దు 1.4. ఎంత అవసరం వచ్చినా 1.6 దాటకూడదు. అది కూడా కదలకుండా విశ్రాంతిగా ఉన్నప్పుడే. ఈ లెక్కన 32 శాతం మిశ్రమానికి లోతు హద్దు సుమారు 33 మీటర్లు. 36 శాతానికి 28 మీటర్లు. 40 శాతానికి 25 మీటర్లు. నూటికి నూరు పాళ్లు ప్రాణవాయువైతే 4 మీటర్లు, కడపటి హద్దు చూసినా 6 మీటర్లే. ఇక మామూలు గాలి లెక్క తీస్తే అదే 1.4 హద్దు 56 మీటర్ల దాకా రాదు. అంత లోతున నత్రజని మత్తు వంటి ఇతర ప్రమాదాలున్నాయి గనుక అక్కడికి ఎవరూ పోకూడదనేది వేరే విషయం.

ప్రాణవాయువు పెంచే కొద్దీ లోతు హద్దు పైకి జరుగుతూ వస్తున్నది. సిలిండరులో ఆక్సిజను ఎక్కువుంది గనుక ఎంత లోతుకైనా పోవచ్చుననుకోవడం ప్రాణాంతకమైన పొరపాటు.

మన రాష్ట్రం నుంచే దీనికి ఒక ఉదాహరణ చెప్పవచ్చు. సముద్రగర్భంలో డైవర్ల పనికోసం విశాఖపట్నం హిందుస్థాన్ షిప్‌యార్డులో నిర్మించిన ఐ.ఎన్.ఎస్. నిస్తార్ నౌక 2025 జూలై 18న విశాఖలోనే నౌకాదళంలో చేరింది. 300 మీటర్ల దాకా డైవర్లను దించగల నౌక అది. అంత లోతుకు పోయేవారికి ప్రాణవాయువు పెంచుతారని అనుకుంటాం. జరిగేది అందుకు తారుమారు. అటువంటి లోతున వాడే మిశ్రమంలో అధిక భాగం హీలియం, ప్రాణవాయువు పాలు 2 శాతం లోపే. అక్కడి ఒత్తిడికి ఆ కొంచెమే సరిపోతుంది.

హద్దు దాటితే ఏమవుతుంది?

ఎక్కువ ఒత్తిడిలో ప్రాణవాయువు విషంగా మారుతుందని ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్త పాల్ బెర్ 1878లోనే ప్రకటించాడు. మోతాదు మించితే అది మెదడు మీద పనిచేసి ఫిట్సు తెప్పిస్తుంది. 1899లో లోరెన్ స్మిత్ అనే మరొక శాస్త్రవేత్త, అంతకంటే తక్కువ మోతాదయినా గంటల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు వాస్తాయని చూపాడు.

ముందు పెదవులు, ముఖకండరాలు అదురుతాయి. చూపు గొట్టంలో నుంచి చూసినట్టు ఇరుకవుతుంది. చెవుల్లో రొద, కడుపులో వికారం, తల తిరగడం, కారణం లేని చిరాకు. ఆ తర్వాత ఫిట్సు. ఇవన్నీ వరుసగా వస్తాయని, మొదటిది రాగానే తప్పించుకోవచ్చని అనుకోవడానికి వీల్లేదు. ఏ సూచనా లేకుండా నేరుగా ఫిట్సే రావచ్చు.

నేల మీద ఫిట్సు వచ్చినవాడిని పక్కకు తిప్పి పడుకోబెడితే చాలావరకు కొద్ది నిమిషాల్లో తేరుకుంటాడు. నీళ్లలో వస్తే నోట్లోని గాలిగొట్టం జారిపోతుంది. మనిషి నీళ్లు మింగి చనిపోతాడు. సిలిండరులో ఇంకా గాలి మిగిలే ఉంటుంది.

‘నేను బలమైనవాణ్ణి, నాకేమీ కాదు’ అనే మాట కూడా ఇక్కడ చెల్లదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిషు నౌకాదళంలో కెన్నెత్ డొనాల్డ్ అనే వైద్యుడు డైవర్ల మీద విస్తారంగా పరీక్షలు జరిపాడు. ఒకరికి తట్టుకున్న మోతాదు మరొకరికి తట్టుకోలేదు. అంతకంటే ముఖ్యంగా, ఒకే మనిషికి ఒకరోజు తట్టుకున్నది మరొకరోజు తట్టుకోలేదు. నిన్న ఏమీ కాలేదు గనుక ఈ రోజూ కాదనే ధైర్యం పనికిరాదు. గట్టిగా ఈదుతూ శ్రమపడినా, గాలి ఆదా చేయాలని ఊపిరి బిగబట్టినా ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

గడియారమూ చూడాలి

లోతు హద్దు ఒకటైతే, కాలం హద్దు మరొకటి. అమెరికా ప్రభుత్వానికి చెందిన సముద్ర, వాతావరణ పరిశోధన సంస్థ ‘నోవా’ ఈ లెక్కలు తయారు చేసింది. డైవింగు నేర్పేవారు చాలామంది ఇవే పాటిస్తారు. పాక్షిక పీడనం 1.0 ఉంటే ఒక మునకలో 300 నిమిషాలు మించకూడదు. 1.2 అయితే 210 నిమిషాలు. 1.4 అయితే 150. 1.5 అయితే 120. 1.6 అయితే 45 నిమిషాలే.

చివరి రెండు అంకెలను చూడండి. 1.5 నుంచి 1.6కు పోయేటప్పటికి రెండు గంటలు కాస్తా ముప్పావు గంటగా పడిపోయింది. మిట్ట అంచుకు వచ్చినవాడు ఒక అడుగు ముందుకేసినట్టే.

రోజు మొత్తానికి కూడా లెక్క ఉంది. 1.4 దగ్గర ఒక మునకకు 150 నిమిషాలైతే, 24 గంటల్లో అన్ని మునకలూ కలిపి 180 నిమిషాలే. పొద్దున వాడుకున్నది సాయంత్రం లెక్కలో చేరుతుంది. కూలి కోసం రోజుకు రెండు మూడుసార్లు దిగేవారు ఈ సంగతి మరువరాదు.

అడగవలసిన మూడు ప్రశ్నలు

మన జిల్లాలో సముద్రం ఒడ్డున పెరిగినవారు కొద్దిమందే. పాకాల ప్రాంతపు పిల్లలకు ఈత వచ్చేది బావుల్లోనూ, చెరువుల్లోనూ. బావి గట్టు మీద నుంచి దూకడంలో వారికున్న ధైర్యం తక్కువది కాదు. ఇప్పుడు వారిలో కొందరు విశాఖకు, అండమానుకు, గల్ఫు దేశాలకు పనుల మీద పోతున్నారు. విహారానికి పోయి స్కూబా సరదా తీర్చుకునేవారూ ఉన్నారు. అటువంటి యువకులు నైట్రాక్స్ సిలిండరు చేతికి వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

ఒకటి: ఇందులో ప్రాణవాయువు ఎంత శాతం? సిలిండరు మీద అతికించిన చీటీని నమ్మితే చాలదు. కొలిచే పరికరం ఉంటుంది. దిగేవాడే స్వయంగా కొలిచి, ఆ అంకె, తేదీ రాసి సంతకం పెట్టాలి. ఇతరులు కొలిచిన లెక్కతో మన ప్రాణం పెట్టకూడదు.

రెండు: ఈ మిశ్రమంతో నేను పోగల గరిష్ఠ లోతు ఎంత? ఆ అంకె సిలిండరు మీద కనబడేలా రాసి ఉండాలి. చేపలు కనిపించాయనో, పనిముట్టు జారిపోయిందనో ఆ లోతు దాటరాదు.

మూడు: ఈ మునకకు, ఈ రోజుకు నా నిమిషాలు ఎన్ని?

ఈ మూడింటికీ జవాబు దొరకని చోట నీళ్లలో దిగవద్దు. ‘ఏం ఫరవాలేదు, దిగు’ అన్నవాడు యజమాని అయినా సరే, వినవలసిన పని లేదు. శిక్షణ పొంది అర్హత పత్రం తీసుకోనిదే నైట్రాక్స్ జోలికి పోరాదు. సిలిండరు విషయంలో మరో జాగ్రత్త ఉంది. వెల్డింగు షాపులో ఆక్సిజను సిలిండరు మూతకు నూనె, గ్రీజు తగలనివ్వరు. తగిలితే భగ్గుమంటుంది. ప్రాణవాయువు పెంచిన మిశ్రమం నింపే పరికరాలకు కూడా అదే శుభ్రత అవసరం.

డైవింగు నేర్పే సంస్థలు ఈ హద్దులను తెలుగులో అచ్చువేసి, దిగే ప్రతివారి చేతికీ ఇవ్వాలి. ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టించుకున్నంత మాత్రాన బాధ్యత తీరిపోదు.

సముద్రం సంగతే కాదు

ఇదంతా సముద్రంలో దిగేవారి గొడవ, మనకెందుకని అనుకునేవారికి కూడా ఒక మాట చెప్పాలి. ప్రాణవాయువు హద్దు మన ఇళ్లలోనూ ఉంది.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఆక్సిజను లెక్కతో ఇవ్వాలి. మోతాదు మించితే కంటి వెనుక పొర దెబ్బతిని చూపు పోయే ప్రమాదం ఉంది. 1940, 50 దశకాల్లో పలు దేశాల్లో వేలాదిమంది పసిబిడ్డలు ఈ విధంగా చూపు కోల్పోయిన తర్వాతనే వైద్యలోకం మేలుకున్నది. 34 వారాల లోపు పుట్టిన బిడ్డకు గాని, 2 కిలోల లోపు బరువున్న బిడ్డకు గాని 30 రోజుల లోపల కంటి డాక్టరు పరీక్ష తప్పనిసరిగా చేయించాలి. సకాలంలో చూస్తే చూపు కాపాడవచ్చు. అలాగే ఏళ్ల తరబడి బీడీలు తాగి ఊపిరితిత్తులు చెడిన వారికి ఇంట్లో సిలిండరు పెట్టి ఇష్టం వచ్చినంత తిప్పరాదు. అయితే ఇది చదివి ఆసుపత్రిలో పెట్టిన మాస్కును ఎవరూ పీకివేయవద్దు. డాక్టరు చెప్పిన మోతాదు ప్రాణం నిలుపుతుంది. సొంత వైద్యమే ప్రమాదం.

ఇక మన బావులు. కపిల తోలిన రోజుల్లో బావి నిత్యం వాడకంలో ఉండేది. బోర్లు వచ్చాక ఎన్నో బావులు పాడుబడ్డాయి. ఏదో ఒక వేసవిలో పూడిక తీయాలని తలపెడతారు. కొన్నేళ్ల క్రితం ఒక పల్లెలో ఆయిలింజనును బావిలోకి దింపి నీళ్లు తోడారు. ఇంజను ఆగిపోతే చూడడానికి దిగిన మనిషి పైకి రాలేదు. అతన్ని తీయడానికి దిగిన తమ్ముడూ రాలేదు. వార్త రాయడానికి పోయినప్పుడు గట్టు మీద చుట్టచుట్టి ఉన్న మోకును చూశాను. దిగేముందు దాన్ని ఎవరి నడుముకూ కట్టలేదు.

నేల మీద మనిషి పనిచేయడానికి గాలిలో ప్రాణవాయువు 19.5 శాతానికి తగ్గకూడదు, 23.5 శాతానికి మించకూడదు. పది శాతం లోపు ఉన్న గాలిలో దిగినవాడు కేక వేసే వ్యవధి కూడా లేకుండా పడిపోతాడు. పెద్దలు లాంతరు దింపి చూసేవారు. దీపం ఆరితే దిగకూడదన్నది నిజమే. కాని ఆరలేదు గనుక దిగవచ్చునని కాదు. ఇంజను పొగలోని విషవాయువుకు దీపం ఆరదు. బావిలో మండే వాయువు ఉంటే దీపమే నిప్పు పెడుతుంది.

అటువంటి సమయంలో మంచి మనసుతోనే ఒకరు ఇచ్చే సలహా ఉంది. వెల్డింగు షాపు నుంచి ఆక్సిజను సిలిండరు తెచ్చి బావిలోకి వదలండి అని. దయచేసి ఆ పని చేయవద్దు. హద్దు మించిన ప్రాణవాయువులో చిన్న నిప్పురవ్వకే ఒంటి మీది బట్టలు భగ్గుమంటాయి. బావిలోకి పంపవలసింది ఆక్సిజను కాదు, బయటి మామూలు గాలి. పెద్ద గాలి యంత్రంతో, గొట్టంతో అడుగు దాకా పంపాలి. గాలిని కొలవాలి. నడుముకు మోకు కట్టి, పైన నలుగురు పట్టుకుని ఉండగానే దిగాలి. ఇంజను బావి బయటనే ఉండాలి.

గాలిని కొలిచే యంత్రం చేతిలో పట్టేంత చిన్నది. మండలానికి ఒకటి, దానితోపాటు ఒక గాలి యంత్రం, ఒక నడుము పట్టీ అందుబాటులో ఉంచితే ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి. వేసవి పూడిక పనులు మొదలయ్యే లోపల పంచాయతీలు, అగ్నిమాపక శాఖ వారు ఈ విషయమై శ్రద్ధ వహించాలని గ్రామీణుల తరపున కోరుతున్నాం.

యూరియా పిడికెడు వేస్తే పైరు పచ్చబడుతుంది, బస్తా కుమ్మరిస్తే మాడిపోతుంది. ఈ మాట రైతుకు ఎవరూ నేర్పనక్కరలేదు. ప్రాణవాయువు సంగతీ అంతే. టీ బంకు దగ్గర ఆ రైతుకు నేను చెప్పింది ఇదే. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత జేబులోంచి పాలకేంద్రం చీటీ ఒకటి తీసి, వెనక్కి తిప్పి నా చేతికిచ్చాడు.

“ఆ మూడు ప్రశ్నలు ఇందులో రాసీ సామీ. మా వాడు బండెక్కేలోగా చేతికిస్తా” అన్నాడు.

రాసిచ్చాను.